చెప్పులు విడిచే చోటు

"అమ్మా, చెప్పులు బయట విడవండి. ఇది మోడ్రన్ డ్యాన్స్ క్లాసు," అన్నాడు హైదరాబాద్ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా కళను మోసుకొచ్చిన మాస్టర్.

మనవరాలు తేజస్వినిని చేర్పించడానికి వచ్చిన కొమురవ్వ గడపలోనే ఆగింది. ఆమె నలభై ఏళ్లు ఊరూరా గజ్జె కట్టి చిందు భాగోతం ఆడిన మనిషని మాస్టర్ కూడా విన్నాడు.

"ఎందుకు సారూ?"

"వందేళ్ల క్రితం ఒక అమెరికా ఆవిడ బ్యాలే బూట్లు విడిచేసి ఉత్తకాళ్లతో ఆడింది. ఈ డ్యాన్స్ అలాగే పుట్టింది. ఉత్తకాళ్లంటే స్వేచ్ఛ!"

"అబ్బో! గంత కష్టపడ్డదా, పాపం?"

మాస్టర్‌కు వెటకారం అర్థం కాలేదు. "మీరూ ఉత్తకాళ్లతోనే ఆడేవారు కదా? అంటే మీరు ఎప్పుడో మోడ్రన్!"

"ఆడుడే కాదు సారూ, నడుసుడు గూడ గంతే. దొర గడి ముందటికెళ్లి మా అవ్వ చెప్పులు చేతుల పట్టుకొని పోయేది. ఏసుకుంటే కాళ్లిరగ్గొట్టేటోళ్లు. గా స్వేచ్ఛ మాకు ఫ్రీగనే దొరికింది."

తేజస్విని చెప్పులు విడవబోయింది.

"ఏసుకో బిడ్డా," అంది కొమురవ్వ. "గా అమెరికా ఆమెకు ఇడుసుడు మోడ్రన్. మనకు ఏసుకునుడే మోడ్రన్."