ఖొల్షేలా, మాగుర్లా

"ఖొల్షేలు వద్దు. తొట్టిలో కూర చేపలే వేద్దాం, మాగుర్లూ కోయ్‌లూ," అన్నాడు ప్రియతోష్.

హాతీబాగాన్ ఆదివారం సంతలో రంగుచేపల దుకాణం ముందు నిలబడి ఉన్నారు ముసలి మొగుడూ పెళ్ళాం. నీహారబాల వేలు ఇంకా గాజు సీసా మీదే ఉంది. లోపల ఎరుపూ నీలం చారల ఖొల్షేలు, గోరంత గోరంతవి. పక్క సీసాలో వెండి బిళ్ళల్లాంటి పుటీలు.

కొడుకు మంచమంత పొడవు అద్దాల తొట్టి కొని ముందుగదిలో పెట్టించాడు. పరాయిదేశపు చేపలెందుకు, మన ఏటి చేపలే తెచ్చుకుందామని అన్నది ఆవిడే. బరిసాల్‌లో పుట్టింటి రేవుమెట్టు మీద కూర్చుంటే ఈ ఖొల్షేలే కాలివేళ్ళు కొరికేవి. పెళ్ళయి స్టీమరెక్కిన రోజున అమ్మ ఆ మెట్టు మీదే నిలబడి చూసింది. తర్వాత దేశం చీలి మధ్యన సరిహద్దు పడింది. అమ్మనూ చూడలేదు, ఆ రేవునూ చూడలేదు.

"పోనీ రెండూ వేద్దాం లెండి," అంది బతిమాలుతూ.

దుకాణం వాడు నవ్వాడు. "మాగుర్‌తో కలిపితే ఇవన్నీ దానికి పొద్దుటి ఫలహారం, మాషీమా. ఏదో ఒకటే."

"అయితే మాగుర్లే," అని కర్ర తాటించుకుంటూ కదిలాడు ప్రియతోష్.

ఆవిడ వెనకే నడిచింది. ఆయన వానాకాలంలో గుండెపోటు వచ్చి లేచిన మనిషి. ట్రామెక్కొద్దంటే వినలేదు, చేపలు తానే ఎంచాలన్నాడు. కాపురమంతా చీర రంగు దగ్గర్నుంచి అన్నీ ఆవిడకే వదిలేసినవాడికి ఈ చిన్న ముచ్చట దగ్గర ఇంత పంతమెందుకో ఆవిడకు అర్థం కాలేదు.

చేపల బజారులో కుండ నిండా కోయ్ చేపలు టపటప కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడుకి పోయిన చలికాలం కన్నుమూసిన ఆడపడుచు ఖాంత దీదీ గుర్తొచ్చింది నీహారబాలకు. పసితనం వీడకుండానే విధవ అయింది. విధవకు కూడదని అప్పట్నుంచీ చేప ముట్టలేదు, వేరే పొయ్యి మీద వండుకుంది. ఇంట్లో కోయ్ కూర వండిన రోజున తన గది కిటికీ మూసుకునేది. ఆఖరి రోజుల్లో మాత్రం తెరిచే ఉంచమంది.

చేపలామె అలవాటుగా కత్తిపీట ముందుకు లాక్కుంది. కోయొద్దు, ప్రాణంతో కావాలన్నాడు ప్రియతోష్. రోగం నుంచి లేచినవాళ్ళకు పెట్టడానికే ఎవరైనా ఈ చేపల్ని ఇంట్లో నీళ్ళకుండలో బతికించుకుంటారు. అందుకే ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగిందామె.

"నాకే."

నీహారబాల ఆయన మోచెయ్యి పట్టి లాగింది. "బజార్లో నిలబడి అవేం మాటలు?"

"ఇంట్లో అంటే ఏడుస్తావు, బజార్లో అంటే తిడతావు. మరెక్కడ అనమంటావు?" అని, చేపలామె వైపు తిరిగాడు. "కోయ్‌లు మా ఆవిణ్ణే ఎంచనీ. ఆవిడ ముల్లు చప్పరించి వదిలితే పిల్లి కూడా ఆశ పెట్టుకోదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ ముసుగు ముందుకు లాక్కుంది. కోపంగానే వంగింది, కానీ చెయ్యి ఊరుకోలేదు. వీపు నల్లగా, పొట్ట పచ్చగా ఉన్నవాటినే ఏరింది. మాగుర్లను ఆయన ఏరాడు. మీసాలు సాగదీసి ఒళ్ళు విరుచుకునేవి, గట్టి ప్రాణాలు.

ఇంట్లో కొడుకు తల పట్టుకున్నాడు. వచ్చినవాళ్ళకు ఏం చూపించాలని గొణిగాడు. పాపం వంటింటికి దారి తప్పి వచ్చాయని కోడలు నవ్వింది. మాగుర్లు తొట్టి అడుక్కి పోయి కదలకుండా పడుకున్నాయి, వాటి మీదుగా కోయ్‌లు తిరిగాయి.

నీహారబాల దీపం పెట్టి, శంఖం ఊది, వచ్చి ఆయన పక్కన కూర్చుంది. మొహం అటు తిప్పుకుంది.

"కోపమా?"

"నా ఏరు నాకెలాగూ రాదు. ఆ పిల్ల చేపల్నయినా రానిచ్చారు కాదు. ఈ మీసాల మొహాల్లో చూడ్డానికేముంది?"

"అవి సుకుమారం, నీహార్. చెయ్యి తగిలితే చస్తాయి. ఇవి నీళ్ళు మార్చడం మరిచినా బతుకుతాయి. నా తర్వాత కూడా ఉంటాయి."

"ఉండి ఏం చేస్తాయి?"

కొడుకూ కోడలూ వంటింట్లోనే ఉన్నారని చూసుకుని, ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

"నేను పోయాక నువ్వు బజారులో చేప కొంటే వీధంతా చూస్తుంది. తొట్టిలో ఒకటి తగ్గితే ఎవరు లెక్కపెడతారు?"