నల్ల తీగలు

తెనాలిలో పెళ్లిబట్టలు కొన్నాక అత్తాకోడళ్లిద్దరూ గిటార్ల కొట్టుకు వచ్చారు. బాపట్లలో తన పెళ్లికి వదిన గిటారు మీద స్పెయిన్ వాళ్ల ఫ్లమెంకో సంగీతం వాయించాల్సిందేనని మరిది పట్టుబట్టాడు. కోడలు కావేరి గిటారుకున్న పాత తీగలు మూగబోయాయి.

కొట్టాయన రెండు సెట్లు విప్పి బల్ల మీద పరిచాడు. ఒకదాంట్లో నైలాను తీగలు తెల్లగా, రెండోదాంట్లో నల్లగా ఉన్నాయి.

"ఫ్లమెంకోకి నల్లవే కట్టండమ్మా. చెంపమీద కొట్టినట్టు మోగుతాయి," అన్నాడు.

"అవే ఇవ్వండి," అంది కావేరి.

అత్తగారు రంగమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "శుభమా అని వాడు పెళ్లి చేసుకుంటుంటే నలుపేంటే? తెల్లవి తీసుకో."

"మీ కొత్తకోడలికి పీటల మీద నల్లపూసలు కట్టరా అత్తయ్యా?"

"అది వేరు."

"ఏం వేరు?"

రంగమ్మ గొంతు తగ్గించింది. "ఆ పిల్లకి చెల్లుతుంది. నీకెందుకే నలుపు? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

కావేరి చెయ్యి విదిలించుకుంది. ఆమె అరిచిన అరుపుకి కొట్టాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆయన పోయిన పదోరోజున నా మెళ్లో నల్లపూసలు మీరే దగ్గరుండి తెంపించారు. అప్పుడు కిక్కురుమనలేదు నేను." నల్లతీగల ప్యాకెట్టును గుప్పిట్లో బిగించింది. "ఇవి నేను కొనుక్కుంటున్నవి. పందిట్లో అందరికంటే ముందు కూర్చుని వాయిస్తాను. తెంపడానికి ఎవరొస్తారో రమ్మనండి."