రెండిళ్ళు, రెండు బ్రష్షులు

"తప్పు బ్రష్షుది కాదండీ, ఆ ఇంటిది," అంది తల్లి నర్సుతో.

తండ్రి సంచిలోంచి ఎలక్ట్రిక్ బ్రష్షు తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన తల్లి తెచ్చిన మామూలు చేతి బ్రష్షు ఉంది. మధ్యలో కుర్చీలో వాలి, నోరు తెరుచుకుని, పద్నాలుగేళ్ళ చిన్ని. పళ్ళ ఆస్పత్రి నర్సు ఆ పిల్ల చేత ఒక బిళ్ళ నమిలించింది. పాచి ఉన్న చోటల్లా గులాబిరంగు అంటించే బిళ్ళ అది. పుక్కిలించాక అద్దం పెట్టి లెక్కేసింది. ఇరవై ఎనిమిది పళ్ళలో ఇరవైకి రంగు అంటింది.

ఆ తల్లీ తండ్రీ విడిపోయి ఏడు నెలలైంది. చిన్ని ఒక వారం ఆమె దగ్గర, ఒక వారం అతని దగ్గర. పిల్లని దింపేటప్పుడు కూడా ఒకరు గేటు దాటి రారు, ఇంకొకరు గుమ్మం దిగరు. ఇక్కడ మాత్రం తప్పదు. చిన్నిలా పళ్ళకి క్లిప్పులు వేయించుకున్న పిల్లలు శుభ్రంగా తోముకుంటే రెండు నెలలకోసారి ఎవరో ఒకరు తీసుకొస్తే చాలు. లేకపోతే వారం వారం రావాలి, ఎన్ని ఇళ్ళుంటే అన్ని ఇళ్ళ పెద్దలూ రావాలి. ఒకరికి చెప్పింది రెండో వారికి చేరదని డాక్టరుగారు ఏనాడో తేల్చేశారు.

ఏ బ్రష్షయినా ఫరవాలేదని నర్సు ఇద్దరికీ ఓపిగ్గా చెప్పింది. ఎలక్ట్రిక్‌ది తనంతట తానే తిరుగుతుంది, రెండు నిమిషాలు కాగానే కూత పెడుతుంది, కానీ క్లిప్పుల తీగ దగ్గర నెమ్మదిగా జరపాలి. చేతిది ఏ మూలకి తీసుకెళ్తే ఆ మూలకి వెళ్తుంది, కానీ బద్ధకం చేతికి దొరికితే ముందు పళ్ళు పలకరించి వచ్చేస్తుంది. ఏది వాడినా తీగ కింద సందుల్లో పట్టే సన్నబ్రష్షు దూర్చాల్సిందే. ఇద్దరూ తలలూపారు, ఒక్క ముక్కా వినలేదు. ఆడలేక మద్దెల ఓడన్నారట, తోముకోనిది పిల్లయితే బ్రష్షు మీద పడ్డారు వీళ్ళు. అసలు తేలాల్సింది ఏ బ్రష్షు మంచిదో కాదు, ఎవరిల్లు మంచిదో.

సరే తేల్చేద్దామని నర్సు నాలుగు వారాల పరీక్ష పెట్టింది. మొదటి వారం తల్లి ఇంట్లో చేతి బ్రష్షు, రెండో వారం తండ్రి ఇంట్లో ఎలక్ట్రిక్ బ్రష్షు, ఆ తర్వాత రెండూ తారుమారు.

మొదటి వారం ఇరవై. రెండో వారం ఇరవై ఒకటి. స్నానాల గది తలుపు బయట నిలబడి రెండు నిమిషాలూ మోత విన్నానని తండ్రి ఒట్టేశాడు. మోత విన్నారు, నోరు చూడలేదంది తల్లి. మూడో వారం ఆమె ఇంటికి వెళ్ళిన ఎలక్ట్రిక్ బ్రష్షూ ఇరవైయే తెచ్చింది. మోత తనూ విన్నానని ఒప్పుకుని ఆమె తలదించుకుంది. దానికి అతను ఏదో అన్నాడు. తల్లి వస్తున్న నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకి తిప్పుకుంది.

చిన్నికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. వచ్చిన ప్రతిసారీ బయట బల్ల మీద ఇద్దరి మధ్యా ఇరుక్కుని, కాళ్ళూపుకుంటూ కూర్చునేది. నర్సుకి ఒళ్ళు మండేది. ఎత్తు కోరపన్నుని చూసి క్లాసులో నవ్వుతున్నారని ఏడ్చి, సాధించి మరీ క్లిప్పులు వేయించుకున్న పిల్ల ఇదేనా అనిపించేది.

నాలుగో వారం ఇరవై రెండు. ముందు పళ్ళు రెండింటి మీద సున్నపు చుక్కల్లా తెల్లమచ్చలు కనిపించాయి. ఈ మచ్చలు ఇక జన్మలో పోవని, ఇలాగే సాగితే తీగ కింద పళ్ళు పుచ్చిపోతాయని డాక్టరుగారు చెప్పారు. తల్లి కళ్ళు తుడుచుకుంది. మాట్లాడాలని ఇద్దరినీ ఆయన పక్క గదిలోకి తీసుకెళ్ళారు.

నర్సు తలుపు దగ్గరగా వేసి, ఒక కొత్త చేతి బ్రష్షు చిన్ని చేతికిచ్చింది.

"నా ఎదురుగా తోము. ఎక్కడ తప్పుతున్నావో చూస్తా."

చిన్ని కాసేపు బ్రష్షు వంకే చూసింది. తర్వాత తోమడం మొదలుపెట్టింది. చిగుళ్ళ వైపు ఏటవాలుగా పట్టి, ఒక్కో క్లిప్పు పైనా కిందా తిప్పి, వెనక దవడ దాకా వెళ్ళింది. అడక్కుండానే సన్నబ్రష్షు అందుకుని తీగ కింద ప్రతి సందులోనూ దూర్చి తీసింది. నర్సు మళ్ళీ బిళ్ళ నమిలించి అద్దం పెట్టి చూసింది. ఒక్క పంటి మీదా రంగు లేదు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఇంత శుభ్రమైన నోరు ఆవిడ చూడలేదు.

"ఇంత బాగా తోముకోవడం వచ్చి, పళ్ళెందుకు పాడు చేసుకుంటున్నావే తల్లీ?" అంది నర్సు, కోపమో జాలో తనకే తెలియకుండా.

 చిన్ని గోడ వైపు చెవి పెట్టి వింటోంది. అవతల తల్లి గొంతు, వెంటనే తండ్రి గొంతు, మళ్ళీ తల్లిది వినిపిస్తున్నాయి. నర్సు కాగితం మీద సున్నా రాయబోతుంటే ఆ పిల్ల గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది. వద్దని బతిమాలింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"సున్నా వేస్తే, అమ్మా నాన్నా ఇంక కలిసి రారక్కా."