దమ్ము లేని ప్లాను

“ఇన్‌స్‌బ్రుక్‌లో మనకున్నది ఒక్కరోజే కామాక్షీ. తొమ్మిదింటికి బంగారు పైకప్పు మేడ, తొమ్మిదిన్నరకి టవర్. నూట ముప్పై మూడు మెట్లు, పావుగంట చాలు. పదింటికి కొండ మీదికి కేబుల్ కారు...”

కొత్తూరులో కారెక్కినప్పటి నుంచి సూర్యప్రకాశరావు భార్యకి ఆ విదేశీయాత్ర కాగితం చదివి వినిపించడం ఇది మూడోసారి. చదివిన ప్రతిసారీ ఇంకో చోటు చేరుస్తున్నాడు.

“ప్లాను ఎలా ఉందయ్యా జగదీశ్?” డ్రైవర్ని అడిగాడు.

“అంత మంచిగనే ఉన్నది గని, గిండ్ల దమ్ము లేదు సార్.”

సూర్యప్రకాశరావుకి చుర్రుమంది. “దమ్ము లేదా? ఒక్కరోజులో పదకొండు చోట్లయ్యా! ఎవడేస్తాడిలాంటి ప్లాను?”

“గట్ల కాదు సార్. దమ్ము తీసుకునుడు. జర ఆగి కూసునుడు యాడా లేదంటున్న. ఇంటి మెట్లు దిగొచ్చిన కాడికెల్లి అమ్మకు ఎగపోస్తనే ఉన్నది. శంషాబాద్ వచ్చినం, ఇంక తగ్గలే.”

సూర్యప్రకాశరావు పక్కకి తిరిగాడు. కామాక్షి కిటికీ అద్దానికి తల ఆనించి నోటితో గాలి పీలుస్తోంది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“నెలైంది. మీరంత సంబరంగా చదువుతుంటే... మధ్యలో ఆపబుద్ధి కాలేదు.”

ఎయిర్‌పోర్టు మలుపు వచ్చింది.

“జగదీశ్, బండి వెనక్కి తిప్పు. ఆస్పత్రికి పోనీ.”

“అయ్యో, మరి ఇన్‌స్‌బ్రుక్...” కామాక్షి కంగారుగా లేవబోయింది.

అతను ప్లాను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, దాంతోనే ఆమెకి విసరడం మొదలుపెట్టాడు.

“దమ్ము తీసుకో,” అన్నాడు.