ఇనుప కుర్చీ

"కూర్చో అమ్మా" అన్నాడు ఉరుము.

కుట్టు సెక్షన్లో అందరికీ సీనియర్ అయిన పెద్దక్క కూర్చోలేదు.

ఆ గొడుగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ బల్లకు ఇవతల ఉన్న ఇనుప కుర్చీ సంగతి తెలియనివాళ్లు లేరు. తిట్లు తినేవాళ్లు నిలబడే తింటారు. సెలవు కావాల్సినవాళ్లు గుమ్మంలోంచే అడిగి పోతారు. కూర్చోమన్నారంటే మాత్రం రేపటి నుంచి రానక్కర్లేదని అర్థం. ఈ రెండు నెలల్లో ఆరుగురు అందులో కూర్చుని లేచి, తిన్నగా గేటు దాటి వెళ్లిపోయారు.

"పర్లేదు సార్, నిలబడతాను."

"కూర్చోమంటున్నానుగా."

"నడుం నొప్పి సార్. కూర్చుంటే మళ్లీ లేవలేను."

రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునే మనిషి ఆడాల్సిన అబద్ధం కాదది. అయినా అతను నవ్వలేదు, అరవలేదు. గోడలు అదిరేలా అరుస్తాడనే గదా గొడుగులు కుట్టేవాళ్లంతా కలిసి ఉరుము అని పేరు పెట్టింది. అలాంటి మనిషి ఇంత మెత్తగా మాట్లాడుతుంటే ఆమెకు భయం ఎక్కువవుతోంది. నాలుగు తిట్లు తిట్టినా ప్రాణం కుదుటపడేది.

అతను ఒక కాగితం, పెన్ను ఆమె ముందుకు తోశాడు. కాగితం మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలున్నాయి. వాటి పక్కన ఖాళీ.

"ఆర్డర్లు లేవు. మీ సెక్షన్లో ముగ్గురిని తీసేయమన్నారు. ఐదింటికల్లా పేర్లు కావాలట. ఎవరి పని ఎలాంటిదో నాకంటే నీకే బాగా తెలుసు. రాయి."

ఐదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. గది అద్దం అవతల తొమ్మిదిమంది మిషన్లు ఆపేసి ఇటే చూస్తున్నారు. చివరి పిల్లకి ఐదో నెల. దాని పక్కామె మొగుడు మంచంలో ఉన్నాడు. ఇంకొకామె కుట్టు వంకరే, కాదనలేం. కానీ ఆ వంకర కుట్టుతోనే ఇద్దరు పిల్లలు బడికెళుతున్నారు. ఎవరి కడుపు కొట్టాలి?

పెద్దక్క పెన్ను తీసుకుంది. ఒకటో అంకె పక్కన ఒక పేరు రాసి కాగితం వెనక్కి తోసేసింది.

"ఇది నీ పేరు."

"అవును సార్."

"ముగ్గురిని అడిగాను."

"నా జీతం ఇద్దరి జీతం సార్. మూడో మనిషి కోసం మిగతావాళ్లు నెలకు తలా మూడు రోజులు జీతం లేకుండా పని మానుకుంటారు. నేను చెబితే వింటారు." ఇంట్లో ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకోవచ్చు అనుకుంది.

ఉరుము ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"వచ్చే నెల మళ్లీ అడుగుతారు. అప్పుడేం రాస్తావు?"

"అప్పటికి నేనుండను కద సార్. మీరే చూసుకోవాలి."

"నేనూ ఉండను." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "నా జీతం ముగ్గురి జీతం. పొద్దున నా పేరే పంపాను. సరేనన్నారు. నువ్వేం రాస్తావో చూద్దామనే అడిగాను. మీ సెక్షన్లో ఎవరూ పోవడం లేదు."

ఇన్నేళ్లూ ఎన్ని తిట్టుకున్నాం ఈ మనిషిని అనుకుంటే పెద్దక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి రేపట్నుంచి మా మంచిచెడ్డలు ఎవరు చూస్తారు సార్?"

అతను సొరుగులోంచి తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె ఇక కూర్చుంటే మాత్రం పోయేదేముందని ఇనుప కుర్చీ మీద చెయ్యి వేసింది.

"ఆ కుర్చీ కాదమ్మా" అన్నాడు ఉరుము, లేచి పక్కకు జరుగుతూ. "ఇటువైపుది."