అడుగు జత

పెన్నేరు పొంగి నాగలమడక దారి తెగిపోయిన మరుసటి ఏడు, తిరుమణి రామాంజినప్ప పావగడ ట్రస్టు ఆస్పత్రిలో ఒక కళ్ళజోడు దొంగిలించాడు. ఆ కళ్ళజోడును ఆస్పత్రికి దానం చేసింది కూడా ఆయనే.

వరదలో ఆయన తొడ ఎముక విరిగింది. ఎముకల డాక్టరు ప్రతిభ లోపల కడ్డీ వేసి నిలబెట్టింది. కడ్డీ సరిగ్గా కూర్చుందో లేదో చూడడానికి ఆపరేషన్ పొడుగునా ఎక్స్‌రే యంత్రం నడుస్తూనే ఉంటుంది. రోగికి అది ఒక్క రోజు. ఆమెకు రోజూ.

"నీ కాలు బాగైంది తాతా. ఈ కిరణాలకు నా కండ్లకే పొర వచ్చేకి మొదలైండాది" అంది ఆమె ఒకసారి, నవ్వుతూనే. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు.

రామాంజినప్ప మాట్లాడేదే తక్కువ. మర్నాడు సోలార్ ప్లాంటులో వెల్డింగ్ వాళ్ళు పెట్టుకునే నల్లద్దాలు తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు.

"నలుపు ఆపేది వెలుతురును తాతా. ఎక్స్‌రేను ఆపేది సీసం. సీసం కలిపిన అద్దం చూసేకి తెల్లగానే ఉంటాది, చేతికి మాత్రం బరువుంటాది. పక్కలకూ మూత ఉండాల."

ఆస్పత్రి మేనేజరు ప్రశాంత్‌కుమార్‌ను అడిగితే, అలాంటివి కొనడానికి ట్రస్టులో నిధులు లేవన్నాడు. నిజంగానే లేవు. ముందు నెలలోనే ఆయన గదికి ఏసీ పెట్టించారు.

రామాంజినప్ప పొలంలో ఇప్పుడు వేరుశనగకు బదులు సోలార్ ప్లేట్లు ఉన్నాయి. ఆ ఏడాది కౌలంతా తెచ్చి మేనేజరు చేతిలో పెట్టాడు. డాక్టర్లకూ నర్సులకూ కలిపి ఐదు జతలు. మంచివి చూసి ఎంచే కష్టాన్ని మేనేజరు తన నెత్తినే వేసుకున్నాడు. బెంగళూరు హోటల్లో మూడు రోజులుండి మరీ కష్టపడ్డాడు.

ఐదు పెట్టెలూ ఒకదానిమీద ఒకటి పేర్చి సభ పెట్టారు. శాలువా, పూలదండ మేనేజరుకు. దాతకు ఒక నిమ్మకాయ. మేనేజరు అందరి ముందూ పరీక్ష చేసి చూపించాడు. పై పెట్టెలోని జత కింద రూపాయి బిళ్ళ పెట్టి ఎక్స్‌రే తీయించాడు. ఫిల్ములో అద్దాలు తెల్లటి ముద్దల్లా పడ్డాయి. బిళ్ళ జాడే లేదు. సీసం ఉంటే కిరణం దూరదని వివరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అడుగుది కూడా ఒకటి తీయప్పా" అన్నాడు రామాంజినప్ప.

"ఇదేమన్నా శెనక్కాయ మూటనా తాతా, అడుగు నుంచి గుప్పెడు తీసి చూసేకి?"

సభంతా నవ్వింది. ట్రస్టు అధ్యక్షుడు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయన మేనేజరుకు బావ.

వారం తిరక్కముందే దొంగతనం జరిగింది. కెమెరాలో అంతా శుభ్రంగా పడింది. పట్టపగలు పదకొండు గంటలకు రామాంజినప్ప చేతికర్ర పొడుచుకుంటూ ఎక్స్‌రే గదిలోకి వచ్చాడు. పై నాలుగు పెట్టెలూ ఒక్కొక్కటే దించాడు. అడుగు పెట్టె తీసుకున్నాడు. నాలుగూ మళ్ళీ పేర్చాడు. తలెత్తి కెమెరా వైపు కాసేపు చూశాడు. పెట్టెను చంకలో పెట్టుకొని వెళ్ళిపోయాడు.

"ముసలోడు ఏరుకోని మరీ ఎత్తుకపోయినాడు" అని బస్టాండంతా నవ్వుకుంది.

ఇంట్లో భార్య చిన్నక్క వదలలేదు. "ఇచ్చేది నువ్వే, ఎత్తుకొచ్చేది నువ్వే! నీ ఇంటికి నువ్వే కన్నమేసుకోనింటే బస్సు చార్జీ అన్నా మిగిలుండు."

రామాంజినప్ప సంగటి ముద్ద తుంచుకున్నాడు.

పోలీసులకు చెబుదామని నర్సు సవిత అంటే మేనేజరు చెవులు మూసుకున్నాడు. "వద్దమ్మా! పెద్దాయన. దాత. ఒక జత పోతే పోయింది." ఆయనకు ఇంత మెత్తటి మనసుందని ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు. నర్సులు సెలవు అడిగినప్పుడు అది ఎన్నడూ బయటపడలేదు. డాక్టరు ప్రతిభ మాత్రం కళ్ళజోడు లేకుండానే ఆపరేషనుకు వెళ్ళిపోయింది. జతల పంపకం మేనేజరు వాయిదా వేశాడు.

సాయంత్రం ఆయనే కారు వేసుకొని తిరుమణికి వచ్చాడు. "ఆ పెట్టె ఇచ్చెయ్ తాతా. పోలీసులూ గీలీసులూ మనకెందుకు?"

రామాంజినప్ప తలుపు వేసుకున్నాడు.

మరుసటి ఉదయం ఉతికిన చొక్కా తొడుక్కొని, మొదటి బస్సుకే పావగడ వెళ్ళాడు. పోలీస్ స్టేషనులో ఎస్సై బల్లమీద పెట్టె పెట్టాడు.

"దొంగతనం చేసినాను సారూ. రాసుకోండి."

ఎస్సై ఆస్పత్రికి ఫోను చేశాడు. ఐదు నిమిషాల్లో ప్రశాంత్‌కుమార్ చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొని ఊడిపడ్డాడు.

"కేసొద్దు సార్! మేము క్షమించేసినాము. పెట్టె ఇస్తే చాలు."

"దొంగే వచ్చి ఒప్పుకుంటా ఉంటే మేమెట్ల వదిలేది?" అన్నాడు ఎస్సై.

కానిస్టేబులు శివరాజు కాగితం ముందుకు లాక్కున్నాడు. పెట్టె విప్పి కళ్ళజోడును అరచేతిలో ఎత్తి చూశాడు. ఆయనదీ వేరుశనగ పండించే ఇల్లే. ఇంకోసారి ఎత్తి చూశాడు.

"గింజలేని తాలుకాయ మాదిరి ఉండాదే" అని గొణుక్కున్నాడు. "సొత్తు విలువ ఏమని రాయాల తాతా?"

మేనేజరు పెట్టె మూత వెయ్యబోయాడు.

"కింద రూపాయి బిళ్ళ పెట్టి, ఎక్స్‌రే తీయించి మీరే తేల్చి రాయండప్పా" అన్నాడు రామాంజినప్ప. "దానికోసరమే కదా దొంగతనం చేసింది."