తొమ్మిదిన్నర మార్కుల పుస్తకం

రమాకాంత్ బైకు తీస్తుంటే తండ్రి కృష్ణమూర్తి కొట్లోంచి మళ్లీ గుర్తుచేశాడు. ఈ ఒక్క పుస్తకం అమ్ముడుపోయిందా, సరే. లేదంటే మేడ మీదున్న రెండు వందల బొమ్మల కథల పుస్తకాలూ రేపటి నుంచి పల్లీల పొట్లాలే.

ఆయన మాటంటే మాటే. మానుకోట బజారులో నలభై ఏళ్లుగా కిరాణా నడుపుతున్న మనిషి. పైగా సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. లారీలు రాక కొట్లో పొట్లాల కాగితం అయిపోయింది. కొడుకేమో చిన్నప్పటి నుంచి కొన్న పాత కామిక్స్‌ని కవర్లు తొడిగి దాచుకుంటున్నాడు. ముప్పై అయిదేళ్లొచ్చినా ఆ పిచ్చి వదల్లేదు, ఏం చేస్తాం.

అమ్మబోయే పుస్తకం మామూలుది కాదు. యాభై ఏళ్ల నాటిది. బొంబాయిలో ఒక కంపెనీ వాళ్లు భూతద్దం పెట్టి చూసి, పదికి తొమ్మిదిన్నర మార్కులేసి, పలకలాంటి మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేసి పంపారు. రమాకాంత్‌కి పదో తరగతిలో కూడా అన్ని రాలేదు. సీలు పగిలినా, లోపల ఒక్క మూల మడతపడినా ధర పోయినట్టే. వేలిముద్ర పడుతుందని వాడు దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు.

కొనేది చెల్పూరు జగపతి. మాజీ సర్పంచ్, భూములున్న మనిషి. ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. పేజీలన్నీ ఉన్నాయా అని మూడుసార్లు అడిగి, పట్టుకురమ్మన్నాడు. పుస్తకాల సంగతి బాగా తెలిసినవాడే, చిన్న గీత ఉన్నా పట్టేస్తాడని రమాకాంత్‌కి దడ పుట్టింది.

బస్సులు లేవు. రైళ్లు ఎప్పుడు ఆపేస్తారో తెలియదు. డబ్బాను దుప్పటిలో చుట్టి, మూట కట్టి, బైకు మీద బయల్దేరాడు.

గూడూరు దగ్గర వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే పంక్తి వేసి తింటున్నారు. రమాకాంత్‌ని ఆపారు. తినకుండా ఏ బండీ కదలదన్నారు. తెలంగాణ కావాలా వద్దా అనడిగారు. కావాలన్నాడు. అయితే నాలుగు బిందెలు నీళ్లు తెమ్మన్నారు. మూటను బైకు మీదే వదిలి పోయాడు.

వంటావార్పుకు ఎవరూ ఉత్త చేతులతో రారు. ఒకరు బియ్యం తెస్తారు, ఒకరు కట్టెలు, ఒకరు అన్నం వండే గంజు. మూటతో దిగినవాడు కూడా ఏదో తెచ్చే ఉంటాడు కదా. రమాకాంత్ నీళ్లతో తిరిగొచ్చేసరికి దుప్పటి పరిచి దాని మీద పెద్దమనుషులు కూర్చున్నారు. డబ్బా మాత్రం రుక్కి అనే ముసలామె ముందుంది. దాని మీద ఆమె సొరకాయ పెట్టి టకటకా నరుకుతోంది.

"అవ్వా, గా డబ్బా పీట కాదు."

"మంచిగున్నది బిడ్డా. జర కూడ కదుల్తలేదు. యాడ కొన్నవ్?"

రమాకాంత్ లాక్కుందామని చెయ్యి చాచేలోగా ఇద్దరు మనుషులు పొయ్యి మీది అన్నం గంజు దించి, అడుగున మట్టి అంటకుండా, సరిగ్గా దాని మీదే పెట్టారు.

సీలు మాత్రం చెక్కుచెదరలేదు, బొంబాయి వాళ్లను మెచ్చుకోవాలి. కానీ కత్తి దెబ్బలకు లోపలి పుస్తకం జారి రెండు మూలలు మడతపడ్డాయి. వేడికి అట్ట అప్పడంలా లేచింది. రమాకాంత్ విస్తరాకు ముందు కూర్చుంటే కన్నీళ్లు ధారగా కారాయి. కూరలో కారం ఎక్కువైందేమోనని రుక్కి పాపం మజ్జిగ పోసింది.

వెనక్కి పోతే పొట్లాలు. ముందుకు పోతే తిట్లు. తిట్లే నయమనుకుని చెల్పూరు చేరాడు.

జగపతి వాకిట్లోనే పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి మీసాలు, తెల్లటి పంచె. పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాడట. డబ్బా అటూ ఇటూ తిప్పాడు. మూలకంటిన సొరకాయ గింజను గోటితో తీసేశాడు. రమాకాంత్ ఏమీ దాచకుండా జరిగిందంతా చెప్పి, తప్పంతా తనదేనన్నాడు. బిందెలు మోయడానికి పోతూ మూటను చంకన పెట్టుకుంటే సరిపోయేదన్నాడు.

పెద్దాయన లేచి లోపలికి పోయి సుత్తి పట్టుకొచ్చాడు. రమాకాంత్ రెండడుగులు వెనక్కి వేశాడు.

ఒక్క దెబ్బ. డబ్బా రెండు ముక్కలైంది. రమాకాంత్‌కి ఆ దెబ్బ తన వీపు మీద పడ్డట్టే ఉంది. జగపతి అట్ట వంక చూడలేదు, మూలల వంక చూడలేదు. పుస్తకాన్ని వెనక నుంచి తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. చదివి, కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత బొడ్లోంచి కవరు తీసి రమాకాంత్ జేబులో కుక్కాడు. మాట్లాడుకున్న ధర, పైసా తగ్గించకుండా.

మేడ మీది పుస్తకాలు గట్టెక్కాయి, సంతోషమే. కానీ రమాకాంత్ మనసు ఒప్పుకోలేదు.

"సార్, మూలలు ముందే వంగినయ్. ఇప్పుడు సీలు గూడ పోయె. ఇగ దీనికి ధర ఏడుంటది?"

"ధర నేనేం జేసుకుంట తమ్మీ, నేను మూడో తరగతిల ఉన్నప్పుడు మా ఇంట్లున్న గిదే పుస్తకానికి ఆఖరి పేజీ చినిగిపోయి, కథల బాయిల వడ్డ గా పిలగాడు బయటికెల్లిండో లేదో యాభై ఏండ్ల సంది ఎరుకలేక పరేషాన్ అయితున్న."